సంచి మీద మాత్రమే తీసేసిన మందు

పశువైద్యం పూర్తిచేసి కోళ్ళ కంపెనీలో చేరబోతున్న ఒక అమ్మాయి ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "ఆ ఉద్యోగంలో ముఖ్యంగా ఏం చేయాలి మేడం?" అని అడిగింది. "సంతకాలు" అన్నాను. ఆమె నవ్వింది. నేను హాస్యానికి అనలేదని ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను 2001లో మిర్యాలగూడలో ఒక బ్రాయిలర్ కంపెనీలో చేరి 2014లో రిటైరయ్యాను. నా పని కోడి దాణాకు ఫార్ములా రాయడం. మొక్కజొన్న ఎంత, సోయా చెక్క ఎంత, తవుడు ఎంత, ఉప్పు ఎంత, మందు ఎంత. ఆ కాగితం మీద నా సంతకం పడితేనే మిల్లు తిరిగేది. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, నీళ్ళు, రెక్కల కష్టం రైతువి. నలభై రోజులకు లారీ వచ్చి కోళ్ళను ఎత్తుకుపోతుంది. ఆత్మకూర్ నుంచి పెద్దవూర దాకా మా షెడ్లు ఉండేవి, నేను వాటన్నిటి చుట్టూ తిరిగేదాన్ని.

నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. వాటిని ఎలా సంపాదించానో చదివితే మీకే తెలుస్తుంది.

కూరలో ఉప్పు

నాకు ముందున్న డాక్టరు వదిలి వెళ్ళిన ఫార్ములాలో ప్రతి టన్ను దాణాకూ కొంత యాంటీబయోటిక్ రాసి ఉంది. రోగం వచ్చినప్పుడు కాదు, మొదటి రోజు నుంచి చివరి వారం దాకా, ప్రతి కోడికీ. చేరిన వారానికే మా జనరల్ మేనేజర్ దగ్గరికి వెళ్ళి దాని గురించి అడిగాను.

ఆయన పేరు చలపతిరావు. కోదాడ మనిషి. ఆయన గురించి చెడ్డగా రాయబోతున్నాను కాబట్టి మంచి ముందే చెప్పాలి. అంతకుముందు మూడు కంపెనీలు "షెడ్లన్నీ తిరగాల్సిన పని, ఆడమనిషి ఏం చేస్తుంది" అని నన్ను తిప్పి పంపాయి. ఈయన మాత్రం నా సర్టిఫికెట్లు చూసి, "చదివింది పశువుల కోసమే కదమ్మా, పశువుకి మీరు ఆడో మగో పట్టదు" అని ఉద్యోగం ఇచ్చారు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది.

"రోగం లేని కోడికి రోజూ మందెందుకు సార్?" అన్నాను.

"కూరలో ఉప్పెందుకని అడుగుతారేంటమ్మా? తీసేసి చూడండి. నలభై రోజులకు రావలసిన బరువు రాదు. అప్పుడు ఓనరు మిమ్మల్ని పిలవడు, నన్ను పిలుస్తాడు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. చిన్న మోతాదులో మందు రోజూ కడుపులో పడితే పేగుల్లోని క్రిములు అణిగి ఉంటాయి, తిన్నది కండ అవుతుంది. దానికి మరో గుణం కూడా ఉంది. అది ఎవరూ పైకి చెప్పరు. షెడ్డు మురికిగా ఉన్నా, నీళ్ళు పాచిపట్టినా, ఒక బ్యాచ్ పోయిన మర్నాడే ఇంకో బ్యాచ్ దించినా, ఆ మందు అన్నిటినీ కప్పిపెడుతుంది. కానీ చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు అలవాటు పడతాయి. నిజంగా జబ్బు చేసిన రోజున అదే మందు పోస్తే వాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మన దవాఖానల్లో మనుషులకు ఇచ్చేవీ ఆ మందుల అన్నదమ్ములే.

ఇదంతా నేను చదువుకున్నదే. అయినా పాత కాగితంలోది కొత్త కాగితం మీదికి ఎక్కించి సంతకం చేశాను. అది నా మొదటి తప్పు. దాన్ని తప్పని ఎవరూ అనలేదు. అందుకే ఆ తర్వాతివి సులువయ్యాయి.

సైదమ్మ

ఆత్మకూర్ దగ్గర లింగయ్య, సైదమ్మ అని ఒక గొల్ల కుటుంబం ఉండేది. తరాలుగా గొర్లు కాసుకున్నవాళ్ళు. మందలో సగం అమ్మి కోళ్ళ షెడ్డు వేశారు. మిగిలిన గొర్లను లింగయ్య చూసుకునేవాడు. ఎండాకాలం వస్తే మేత కోసం వాటిని తోలుకుని నెలల తరబడి వలస పోయేవాడు. షెడ్డు పూర్తిగా సైదమ్మదే.

నేను చూసిన కోళ్ళ రైతుల్లో ఆమెలాంటి మనిషి ఇంకొకరు లేరు. షెడ్డులోకి అడుగుపెట్టగానే నిలబడి ఒక నిమిషం ఊరికే వినేది. కోళ్ళ గొంతులో గురక ఉందా లేదా అని. తర్వాత వంగి రెట్ట చూసేది. "గొర్రెకేమైందో పెంటికలు సూస్తె ఎరుకైతది. కోడికి గంతే డాక్టరమ్మా" అనేది. కింద పరిచిన ఊకను రోజూ పొద్దున్నే పారతో తిరగేసేది. మా సూపర్‌వైజర్లు వారం తర్వాత కనిపెట్టే జబ్బును ఆమె మొదటి రోజే పట్టుకునేది.

ఒకసారి దాణా సంచి విప్పుతూ అడిగింది.

"ఇండ్ల మందు కలుస్తదంట గదా. రోగం లేనప్పుడు మందెందుకు? గొర్లకు నేనెన్నడు గట్ల తాపలే."

నేను చలపతిరావు గారి ఉప్పు మాటే ఆమెకు అప్పజెప్పాను.

"ఉప్పు తింటె రోగం పోదు గద" అంది. అని సంచి ఎత్తి దాణా పోసింది. ఆ రోజు నుంచి పుస్తకాలు మళ్ళీ తెరిచాను.

ఆవిరిలో చచ్చినవి

2005 ప్రాంతంలో మా కోళ్ళను కొనే నగరం వ్యాపారి ఒకాయన షరతు పెట్టాడు. దాణాలో మందు లేని కోళ్ళే కావాలన్నాడు. ఆయన వెనక పెద్ద హోటళ్ళు ఉన్నాయి. చలపతిరావు గారు నన్ను పిలిచి, "మీరు మొదట్నుంచీ అంటూనే ఉన్నారు కదమ్మా, చేసి చూపించండి" అన్నారు. నా జీవితంలో అంత సంతోషంగా ఆఫీసు మెట్లు దిగిన రోజు ఇంకొకటి లేదు.

మందుకు బదులుగా వేయదగినవి చాలానే ఉన్నాయి. పెరుగులో ఉండేలాంటి మేలు చేసే క్రిములు. పేగుల్లో చెడ్డ క్రిములు నిలవకుండా చేసే పులుపు ఆమ్లాలు. ఈస్టు పొట్టు. వాము, దాల్చినచెక్క లాంటివాటి నూనెలు. నేను మొదట బతికున్న క్రిములతో మొదలుపెట్టాను. ఖరీదైన పొట్లాలు తెప్పించి, పిండిలో కలిపించి, రెండు బ్యాచ్‌లకు పంపాను. ఏ తేడా కనబడలేదు. మా మిల్లులో గుళికల మర నడిపే మల్లయ్య నా మొహం చూసి అడిగాడు.

"ఏం కలిపిన్రు మేడం గండ్ల?"

"బతికున్న క్రిములు మల్లయ్యా. కోడి కడుపులోకి వెళ్ళి మేలు చేస్తాయి."

అతను మర వైపు, దాని మీంచి లేస్తున్న పొగ వైపు చూశాడు. "పిండిని ఆవిరిల ఉడికిచ్చి గుళికలు దీస్తం గద మేడం. గండ్ల వడ్డంక బతికేదేముంటది?"

డిగ్రీ నాకుంది, బుద్ధి అతనికుంది. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: ఫార్ములా రాసేముందు మిల్లులోకి వెళ్ళి మర పక్కన నిలబడండి. ఏ కంపెనీలోనైనా మల్లయ్య లాంటివాడు ఒకడు ఉంటాడు. వాణ్ణి అడగడం నామోషీ అనుకుంటే నాలాగే చచ్చిన క్రిములను టన్నులకొద్దీ మేపుతారు.

వాము వాసన పొడి

రెండు ప్రయత్నాలు పోయాక చలపతిరావు గారికి ఓపిక తగ్గింది. అప్పుడే ఒక పొడి వచ్చింది. పసుపు, వాము, ఏవో వేర్లు అని దాన్ని అమ్మడానికి వచ్చినతను చెప్పాడు. గోధుమరంగు, ఘాటైన వాము వాసన. అన్నీ మూలికలే, మందు చుక్క లేదన్నాడు. "మేడం పరీక్ష చేస్తారు" అన్నారు చలపతిరావు గారు.

సైదమ్మ షెడ్డును మధ్యలో వల కట్టి రెండు భాగాలు చేశాను. ఒక సగానికి పాత మందు దాణా, రెండో సగానికి పొడి దాణా. ఏ సగానికి ఏది వేస్తున్నానో సైదమ్మకు కూడా చెప్పలేదు. పొడి తిన్న కోళ్ళు పాత మందు కోళ్ళను మించి పెరిగాయి. చావులు కూడా తక్కువ. ఇంకో బ్యాచ్ చేశాను. మళ్ళీ అదే.

అంత బాగా పనిచేసినప్పుడే నాకు అనుమానం రావాలి. మూలికలతో లాభం ఉంటుంది, కానీ మెల్లగా, కొంచెంగా ఉంటుంది. నాకు అనుమానం రాలేదు. ఎందుకంటే నేను గెలవాలనుకున్నాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు.

2007లో కోదాడలో ఒక ఫంక్షన్ హాల్లో కంపెనీ పెద్ద సభ పెట్టింది. రైతులంతా వచ్చారు. నేను మైకు ముందు నిలబడి, "ఇది మందు కాదు. ఇంట్లో మనం వాడుకునే వాము, పసుపు. నా చేతుల మీదుగా పరీక్షించి చెబుతున్నాను" అన్నాను. తర్వాత సైదమ్మను వేదిక మీదికి పిలిచారు. ఆమె మైకుకు దూరంగా నిలబడే మాట్లాడింది.

"నాకు సదువు రాదు. డాక్టరమ్మ అబద్ధం సెప్పదు. నా షెడ్డుల నా కండ్లతోని సూసిన. కోళ్ళు మంచిగున్నయ్. గంతే."

హాలంతా చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా షెడ్డు వేయాలా వద్దా అని ఊగిసలాడుతున్న ఆమె బంధువుల్లో ఇద్దరు ఆ సభ తర్వాతే వేశారు. నా మాట మీద కాదు, సైదమ్మ మాట మీద. ఆమె మాటకు ఆధారం నేను.

రజియా చూపించిన పళ్ళేలు

2008 వానాకాలం మొదట్లో సైదమ్మ దగ్గరి నుంచి కబురు వచ్చింది. మూడు వారాల కోళ్ళు చస్తున్నాయని. వెళ్ళేసరికి షెడ్డు బయట గుట్టగా పోసి ఉన్నాయి. లింగయ్య వలస నుంచి ఇంకా తిరిగి రాలేదు. సైదమ్మ ఒక్కతే గుంట తవ్వి సున్నం చల్లుతోంది.

నేను కోళ్ళను కోసి చూశాను. గుండె మీద, కాలేయం మీద మీగడ కట్టినట్టు తెల్లని పొర. ఇ.కోలి అనే క్రిమి చేసే పని అది. కొత్త జబ్బేమీ కాదు. నీళ్ళలో కలిపి తాగించే మందు ఒకటుంది, ఎన్రోఫ్లాక్సాసిన్. మూడు రోజుల్లో చావులు ఆగాలి. ఆగలేదు. మోతాదు పెంచాను. అయినా ఆగలేదు. సైదమ్మ ప్రతి పూటా నా ఎదుట డ్రింకర్లు కడిగి మందునీళ్ళు పోసింది. ఐదో రోజు ఆమె అడిగింది.

"మందు మంచిదేనా డాక్టరమ్మా? నీళ్ళు తాగినట్టె తాగుతున్నయ్, సచ్చేటియి సస్తనే ఉన్నయ్."

సూర్యాపేటలో ఒక కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే రజియా అనే అమ్మాయి నాకు పరిచయం. కోడి గుండెను ఐసులో పెట్టి ఆమె దగ్గరికి తీసుకువెళ్ళాను. పనిలో పనిగా మా పొడి కూడా కొంచెం పట్టుకెళ్ళాను. మందు ఓడిపోయిన చోట మూలిక గెలుస్తుందేమో, ఇంకో సభలో చెప్పుకోవచ్చని ఆశ.

రజియా రెండు గాజు పళ్ళేలు సిద్ధం చేసింది. ఒకదాంట్లో కాలేజీలో పాఠాల కోసం పెంచుకునే మామూలు ఇ.కోలి. రెండోదాంట్లో సైదమ్మ కోడి గుండె మీదిది. రెండింటిలోనూ రెండేసి కాగితపు బిళ్ళలు పెట్టింది. ఒకటి సైదమ్మ నీళ్ళలో పోస్తున్న మందుది, ఒకటి మా పొడి నానబెట్టిన నీళ్ళలో ముంచింది. బిళ్ళ చుట్టూ క్రిమి పెరగకపోతే అక్కడ గుండ్రంగా ఖాళీ కనబడుతుంది.

మర్నాడు వెళితే పళ్ళేలు రెండూ కిటికీ దగ్గర పెట్టి చూపించింది. మామూలు క్రిమి ఉన్న పళ్ళెంలో మందు చుట్టూ పెద్ద ఖాళీ, పొడి చుట్టూ కూడా పెద్ద ఖాళీ. సైదమ్మ కోడి పళ్ళెంలో రెండు బిళ్ళల మొదళ్ళ దాకా క్రిమి దట్టంగా పెరిగింది.

"సూడున్రి మేడం" అంది రజియా. "ఆకు, వేరు పనిజేస్తె రెండు పళ్ళేలల్ల ఎంతో కొంత పనిజెయ్యాలె. గీడ మందు పనిజేసిన కాడనే పొడి పనిజేసింది. మందు ఆగిన కాడ పొడి ఆగింది. రెండు ఒక్కటే అనిపిస్తున్నది."

"ఒకటే అంటే?"

"పొడిల గా మందే కలిపిన్రు మేడం."

ఏడాదిన్నరగా సైదమ్మ కోళ్ళు రోజూ ఆ మందును చిటికెడు చిటికెడు తింటూనే ఉన్నాయి. అందుకే బాగా పెరిగాయి. అందుకే ఆ షెడ్డులోని క్రిములు ఆ మందును అరాయించుకోవడం నేర్చాయి. అందుకే ఇప్పుడు ఆమె బకెట్లకొద్దీ పోసినా చస్తూనే ఉన్నాయి. వాము వాసన మాత్రం నిజమైనది. ఆ తర్వాత పొడిని హైదరాబాదు లాబ్‌కు కూడా పంపాను. రజియా చెప్పిందే అక్కడి నుంచీ వచ్చింది.

పిడికెడు ఊక

పళ్ళేల సంగతి చలపతిరావు గారికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అది నేను గమనించాను.

"పొడి మనం తయారుచేశామా అమ్మా? లేదు. మందు తీసేయమన్నారు, సంచి మీద తీసేశాం. కొనేవాడు సంచి చూస్తాడు, మనం సంచి చూపిస్తాం."

"కోళ్ళు చస్తున్నాయి సార్. ఆ పొడి వెళ్ళిన ప్రతి షెడ్డులోనూ ఇదే జరుగుతుంది."

"జరిగితే వేరే మందు మారుద్దాం. మందులకేం కొదవ? మీరొకటి ఆలోచించండి. కోదాడలో మైకు పట్టుకుని నా చేతుల మీదుగా పరీక్షించానన్నది ఎవరు? నేనా, మీరా?"

నేను లేవబోయాను.

"ఆ సైదమ్మ కూడా మనతో పాటు స్టేజీ ఎక్కింది" అన్నారాయన. "ఆ షెడ్డులోనే చావులంటే అందరూ పొడి గురించి అడుగుతారు. అంచేత కారణం షెడ్డులోనే ఉండాలి."

రెండు రోజుల తర్వాత ఆయన, నేను, సూపర్‌వైజర్ తనిఖీకి వెళ్ళాం. చలపతిరావు గారు గడప దాటకుండానే, "ఊక తడిసిపోయింది. ఎన్ని రోజులైందమ్మా తిరగేసి?" అన్నారు.

"పొద్దుగాలనే తిరగేసిన సార్. దినాం తిరగేస్త" అంది సైదమ్మ.

"తడి వాసన వస్తోంది."

సైదమ్మ వంగి పిడికెడు ఊక తీసి, గట్టిగా పిసికి, ఆయన ముందు అరచెయ్యి తెరిచింది. తడి ఉంటే ఊక ముద్ద కట్టాలి. పొడిపొడిగా రాలిపోయింది. నాలుగడుగులు లోపలికి నడిచి ఇంకో పిడికెడు తీసింది. అదీ రాలిపోయింది. డ్రింకర్ల కింద నుంచి తీసింది. మామూలుగా అక్కడే తడి ఉంటుంది. అది కూడా రాలిపోయింది.

"ఏడున్నది సార్ తడి? జర సూపియ్యి." ఆయన సూపర్‌వైజర్ వైపు చూశారు. అప్పుడు నా వైపు తిరిగింది. "డాక్టరమ్మా, నువ్వన్న సెప్పు."

నేను నేల చూస్తూ, "ఆఫీసుకు వెళ్ళి రాస్తాం" అన్నాను.

ఆఫీసులో రాశాను. "లిట్టరులో తేమ ఎక్కువ. షెడ్డు నిర్వహణలో రైతు నిర్లక్ష్యం." లిట్టరంటే ఆ ఊకే. రెండే వాక్యాలు. కింద నా సంతకం. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. కానీ దానికంటే పెద్దది ఇంకొకటుంది. కోదాడలో చప్పట్లు కొట్టిన అంతమంది ముందు నేను మోసపోయానని ఒప్పుకోవడం నావల్ల కాలేదు. ఒక మనిషి పరువు తీసి నా పరువు కాపాడుకున్నాను.

ఆ కాగితం మీద సైదమ్మకు పిల్లలు దించడం ఆపేశారు. సూపర్‌వైజర్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే కాబట్టి మిగతా కంపెనీలూ ఆ షెడ్డు వైపు రాలేదు. చలపతిరావు గారు అన్నట్టే మిగతా షెడ్లలో వేరే మందు మార్చారు. కొన్నాళ్ళు పనిచేసింది.

నిజంగా పనిచేసేవి

పొడిని నేను మెల్లగా ఫార్ములా నుంచి తప్పించాను. చాటుగా, స్టాకు లేదని చెబుతూ. అదొక్కటే నేను చేసిన ధైర్యం. దాన్ని కూడా ధైర్యం అనవచ్చో లేదో మీరే చెప్పాలి.

తర్వాత దామరచర్ల వైపు ఒక రైతును ఒప్పించి నాలుగు బ్యాచ్‌లు నిజాయితీగా చేశాను. దాణాలో ఆమ్లాలు. వేడిని తట్టుకునే రకం క్రిములు. నీళ్ళ పైపులు ప్రతి బ్యాచ్‌కీ కడగడం. షెడ్డులో కోళ్ళ సంఖ్య కొంచెం తగ్గించడం. అన్నిటికంటే ముఖ్యం, ఒక బ్యాచ్ పోయాక షెడ్డును కడిగి, ఎండబెట్టి, రెండు వారాలు ఖాళీగా వదిలేయడం. మందు దాణాతో వచ్చినంత బరువు రాలేదు, కొద్దిగా తగ్గింది. కానీ కోళ్ళు నిలబడ్డాయి. నాలుగో బ్యాచ్‌లో జబ్బు వస్తే మామూలు మందుకే లొంగింది.

కాబట్టి ఎవరైనా మీ దగ్గరికి పొట్లం పట్టుకొచ్చి, పాత మందు తీసేసి ఇది వేయండి, ఇంకేమీ మార్చనక్కర్లేదు అంటే నమ్మకండి. ఒక పొడి స్థానంలో ఇంకో పొడి రాదు. మందు కప్పిపెట్టిన మురికినంతా ముందు కడగాలి. అది చేయి నొప్పెట్టే పని. సైదమ్మ చేసే పని. మూలికలు, ఆమ్లాలు, మంచి క్రిములు ఆ తర్వాత తోడు వస్తాయి, అంతే.

చలపతిరావు గారు నా లెక్కలు చూసి, "రెండు వారాలు షెడ్డు ఖాళీగా ఉంటే ఏడాదికో బ్యాచ్ పోతుందమ్మా" అని ఫైలు పక్కన పెట్టారు. మరుసటి ఏడు పాత మందే "పేగుల ఆరోగ్యం" అన్న కొత్త పేరుతో ఫార్ములాలోకి తిరిగి వచ్చింది. నగరం వ్యాపారి సంచి చూసి తృప్తి పడ్డాడు. నేను సంతకం చేశాను. రిటైరయ్యే నెల దాకా చేస్తూనే ఉన్నాను. వీడ్కోలు రోజున శాలువా కప్పి, నిజాయితీకి మారుపేరన్నారు.

ఆత్మకూర్ వెళ్ళిన రోజు

రిటైరైన తర్వాత వారం రోజులు ఇంట్లో కూర్చోలేకపోయాను. బస్సెక్కి ఆత్మకూర్ వెళ్ళాను. షెడ్డు ఉంది, లోపల కోళ్ళు లేవు. గొర్రెపిల్లలను కట్టేశారు. సైదమ్మ వాకిట్లో వాటికి మేతగా ఆకు విరుస్తోంది. నన్ను చూసి కళ్ళు చికిలించింది.

"ఎవరు, డాక్టరమ్మనా? ముసలిదానివైనవ్."

నేను నిలబడే చెప్పాను. పొడిలో మందు కలిపారని, రజియా పళ్ళేలు చూపించిందని, తనిఖీకి వచ్చేనాటికే నాకు అంతా తెలుసని. సైదమ్మ ఆకు విరవడం ఆపలేదు. నేను ఆగాక అడిగింది.

"మరి ఊక?"

"పొడిగానే ఉంది."

"గది నీకు గప్పుడే ఎరుకనా?"

"తెలుసు."

చేతిలోని కొమ్మ పక్కన పెట్టింది. కోపం చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు.

"నాతోని సెప్పుడెందుకు? నా సేతుల ఊక నేను సూసుకోలేదా? మా ఆయనతోని సెప్పు. ఆరేండ్ల సంది అంటున్నడు, సగం గొర్ల మంద అమ్మి నీ సేతుల వెడితె నీళ్ళపాలు జేసినవని. గప్పుడు ఆయన ఊర్ల లేకపాయె. నీ కాయితం సదివిపిచ్చుకున్నడు. సదువుకున్నామె రాసింది, నీ మాటెట్ల నమ్మాలె అన్నడు."

నా రెండు వాక్యాలు కంపెనీ ఫైలులో ఉన్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవి ఈ ఇంట్లో ఉన్నాయి.

గొర్లు వచ్చేదాకా వాకిట్లో ఒక రాయి మీద కూర్చున్నాను. సైదమ్మ మళ్ళీ ఆకు విరుచుకుంది. పొద్దుగుంకే వేళకు లింగయ్య మందతో వచ్చాడు. బాగా వంగిపోయాడు. నేను లేచి, అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అతను కర్రకు ఆనుకుని విన్నాడు.

"గా కాయితం నువ్వే రాసినవా?" అని అడిగాడు.

"నేనే రాశాను."

"ఊక పొడిగనే ఉండెనా?"

"పొడిగానే ఉంది."

గొర్ల వైపు తిరిగాడు. తర్వాత, భార్య వైపు తిరగకుండానే అన్నాడు.

"నువ్వు గప్పుడే సెప్పినవ్."

"సెప్పిన" అంది సైదమ్మ. "మస్తుసార్లు సెప్పిన."

ఆమె లేచి దొడ్డి తడిక తీసి గొర్లను లోపలికి తోలింది. అతను వెనకే వెళ్ళి, ఆమె చేతిలోంచి తడిక అందుకుని తనే వేశాడు. నేను వాకిట్లో ఉన్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను. ఇంటికి వచ్చిన మనిషిని ఆ ఊళ్ళో మంచినీళ్ళు ఇవ్వకుండా పంపరు. నన్ను పంపారు.